పాప్ పరీక్షలో తేడా వచ్చిందా? మళ్ళీ రండి



పాప్ పరీక్ష రిపోర్టులో "తేడా ఉంది" అని రాగానే కొందరు దాన్ని మడిచి బీరువాలో పెట్టేస్తారు. క్యాన్సరేమోనని ఒక భయం, ఇంట్లో ఏమనుకుంటారోనని ఇంకో భయం. తేడా అంటే క్యాన్సర్ కాదు. గర్భాశయ ముఖద్వారం కణాలలో మార్పు కనిపించిందని అర్థం. అది ఎంతవరకు ఉందో చూడటానికే మళ్ళీ రమ్మంటారు.

ఆ పరీక్ష పేరు కాల్పోస్కోపీ. పాప్ పరీక్షకు పడుకున్నట్టే పడుకోవాలి. డాక్టరమ్మ ముఖద్వారానికి పలచని ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండేదే) రాస్తారు. కాస్త చురుక్కుమంటుంది. మార్పు ఉన్న చోటు ఒకటి రెండు నిమిషాల్లో తెల్లబడుతుంది. పెద్దగా చేసి చూపించే ఆ యంత్రం బయటే ఉంటుంది, లోపలికి పెట్టరు. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. కొన్ని రోజులు కొద్దిగా రక్తం కనిపించవచ్చు. ఎక్కువైనా, జ్వరం వచ్చినా వెంటనే రండి. గర్భవతి అయితే ముందే చెప్పండి.

స్వల్ప మార్పు చాలామందిలో తనంతట తానే తగ్గిపోతుంది. తగ్గిందో లేదో తెలియాలి కదా, అందుకే డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ పరీక్ష. ఎక్కువ మార్పు ఉంటే ఆ కొద్ది భాగాన్నే తీసేస్తారు. గర్భసంచి తీయించేసుకో అని ఎవరైనా అంటే (మన ఊళ్ళలో ఈ సలహాకు కరువు లేదు) బయాప్సీ రిపోర్టు రాకుండా ఒప్పుకోకండి.

దీనికి చాలావరకు మూలం హెచ్‌పివి అనే వైరస్. ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో ఉండగలదు. కాబట్టి ఈ కాగితం చూసి ఎవరి నడవడికనూ శంకించకూడదు. ఇంట్లో చెప్పలేకపోతే భర్తనో అత్తగారినో వెంటబెట్టుకు రండి, మేము చెబుతాము. పాత రిపోర్టు తేవడం మరచిపోకండి.