గర్భవతుల నోటి వ్రణములు - ఆలసింపరాని చికిత్స

(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున వ్యాధిని గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. తెలియనిది తెలియజెప్పుటకే గదా గ్రంథాలయము. తెలియకపోవుటచే రెండు ప్రాణములకు ముప్పు వాటిల్లు విషయమొకటి గలదు. అది గర్భవతులకు నోటియందు, నాలుకయందు, గొంతునందు కలుగు కాన్సరు. మన పెద్దలు రాచపుండు అనెడివారు.

గర్భవతులలో ఈ వ్యాధి అరుదు. అయినను పొగాకు వాడుక గల మన తీరదేశమున దీనిని మరువరాదు. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములలో స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని చుట్ట కాల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు. ఆ వేడికిని పొగకును అంగిలి చెడి, కొందరిలో కాన్సరుగా మారును. 1971లో ప్రకటితమైన ఒక పరిశోధనకై ఆంధ్ర గ్రామీణులు 10,169 మందిని పరీక్షించిరి. చుట్టయే కాదు, ఖైనీ, గుట్కా, జర్దాకిళ్ళీ, వక్క కూడ కారణములే. ఏ అలవాటును లేనివారికి సైతము ఒక్కొక్కప్పుడు నాలుకపై ఈ వ్యాధి వచ్చును.

గర్భిణికి చిగుళ్ళు వాచి నెత్తురు కారుట సామాన్యము. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. నోటిలో పుండు కనబడినను "వేడి చేసినది, పురుడు వచ్చిన పిదప చూపింతము" అని ఇంటివారు ఊరకుందురు. ఆ వ్యవధిలో చిన్న పుండు మెడలోని గ్రంథులకు ప్రాకవచ్చును. కావున రెండు వారములు దాటియు మానని పుండు, తెలుపు లేక ఎఱుపు మచ్చ, మెడలో గడ్డ, తగ్గని గొంతు బొంగురు, మ్రింగుటలో బాధ - వీనిలో ఏది యున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.

పరీక్షలకు భయపడ నక్కరలేదు. పుండున్న చోట మాత్రము మత్తు మందిచ్చి చిన్న ముక్క తీసి పరీక్షించుట గర్భమునకు హాని చేయదు. మెడకు అల్ట్రాసౌండు పరీక్షయు నట్టిదే.

చికిత్సలో ముఖ్యమైనది శస్త్రచికిత్స. నాలుగవ నెల మొదలు ఆరవ నెల వరకు అది మిక్కిలి అనుకూలము; అవసరమైనచో తక్కిన నెలలలోను చేయుదురు. మొదటి మూడు నెలలలో శిశువు అవయవములు రూపొందును గనుక కాన్సరు మందులను అప్పుడీయరాదు. తరువాత కొన్ని మందులను జాగ్రత్తతో నీయవచ్చును. ప్రసవమునకు సుమారు మూడు వారములు ముందే ఆపుదురు. కిరణ చికిత్సను సాధ్యమైనంతవరకు ప్రసవానంతరమునకే ఉంచుదురు. నోటితో తినలేని తల్లికి ముక్కుగొట్టము ద్వారా ఆహారమిచ్చినచో శిశువునకును పోషణ లభించును. ఇదంతయు శస్త్రవైద్యుడు, ప్రసూతి వైద్యురాలు, మత్తువైద్యుడు, శిశువైద్యుడు కలసి నిర్ణయింపవలసిన పని.

కొన్ని అపోహలు తొలగవలెను. గర్భస్రావము చేయించుకొన్నంత మాత్రమున కాన్సరు నయము కాదు. కాని వ్యాధి ముదిరి తొలి నెలలలోనే తీవ్ర చికిత్స తప్పనిచో గర్భము నిలుపుటను గూర్చి యోచింపవలసి రావచ్చును. అప్పుడు సంగతులన్నియు ఆమెకు విప్పి చెప్పవలెను; నిర్ణయము ఆమెదే. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. తల్లినుండి శిశువునకు సంక్రమించుట అత్యంత అరుదు. కాన్సరు మందులు వాడుచున్న తల్లి మాత్రము చనుబాలీయరాదు.

2016 నుండి ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భవతులకు ప్రత్యేక పరీక్షలు ఏర్పడినవి. ఆనాడు కడుపుతోపాటు నోరును చూడుమని అడుగుడు. అనుమానము కలిగినచో అమలాపురమునకో, కాకినాడకో పోవుటకు జాగు వలదు. పెద్ద చికిత్సకు విశాఖలోని హోమీభాభా కాన్సరు ఆసుపత్రి, 1955లో హైదరాబాదున నెలకొన్న ఎం.ఎన్.జె. సంస్థ కలవు.

ఐనవిల్లి సోదరులారా! చదువనేర్చినవారు చదువనేరని తల్లులకు ఈ నాలుగు మాటలు చెప్పుడు. పురుడు వచ్చువరకు ఆగుదమను మాట మన యిండ్లలో వినబడకుండుగాక!