మందుల చీటీ తర్వాత

మానసిక వైద్యశాలలో డాక్టరు గారు మందులు రాసిస్తారు. మరి ఇంటికెళ్లాక ఆ మందులు ఎవరు వేయిస్తారు? పోయిన ఉద్యోగం సంగతేమిటి? ఇరుగుపొరుగు మాటలను కుటుంబం ఎలా తట్టుకోవాలి? సైకియాట్రిక్ సోషల్ వర్కరు చూసేది ఇవే.

ఈ పనికి సోషల్ వర్కులో పీజీ, అంటే ఎం.ఎస్.డబ్ల్యూ. ఒక్కటే చాలదు. దానిపైన సైకియాట్రిక్ సోషల్ వర్కులో రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ అందులో తప్పనిసరి. నన్నడిగితే అసలు చదువు అదే: రోగి ఇంటివాళ్లతో మాట్లాడటం, కేసు రాసి పెద్దల ముందు పెట్టి దిద్దించుకోవడం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఈ శిక్షణకు పేరుపొందింది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) చాలా సబ్జెక్టుల్లో ఎం.ఫిల్. ఆపేసినా, ఈ కోర్సుకు 2025-26 ప్రవేశాల వరకు గడువిచ్చింది. అందుకే చేరేముందు కోర్సుకు గుర్తింపు ఉందో లేదో విచారించుకోండి.