పాము కాటు – ప్రార్థన, వైద్యము
(కుటుంబ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



వానలు పడి నాట్లు ఆరంభమగు దినములలో మన పల్లె సంఘములన్నిటికి తెలిసిన భయమొకటి ఉన్నది. అది పాము కాటు. 2000 మొదలు 2019 వరకు మన దేశములో ఏటా సుమారు 58 వేలమంది దీనివలన మరణించిరని పరిశోధకుల అంచనా. వీరిలో ఎక్కువమంది ఆస్పత్రిలో గాక బయటనే ప్రాణము విడిచినవారు.

మన ప్రాంతమందు ప్రాణము తీయు పాములు ముఖ్యముగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఈ నాలుగింటి విషమునకు విరుగుడు మందు ఒక్కటే. ప్రభుత్వ ఆస్పత్రులలో దానిని ఉచితముగా ఇచ్చుదురు. కాబట్టి కరచిన పామును వెదకి చంపుటకు ఒక్క నిమిషమైనను పోగొట్టుకొనకూడదు.

కట్లపాము సంగతి తల్లులు ప్రత్యేకముగా వినవలెను. అది రాత్రివేళ నేలమీద నిద్రించువారిని కరచును. నొప్పి, వాపు అంతగా ఉండవు. గాటు సైతము కనబడకపోవచ్చును. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పియని ఏడ్చినను, కనురెప్పలు వాలిపోయినను, మాట ముద్దగా వచ్చినను, అజీర్తియని వాము నీళ్లు పోసి కూర్చుండక వెంటనే ఆస్పత్రికి తీసికొని పోవలెను.

కాటు పడినవానిని నడిపింపకూడదు. ధైర్యము చెప్పి పండుకొనబెట్టవలెను. వాపు రాకముందే ఉంగరములు, గాజులు, మెట్టెలు తీసివేయవలెను. ఎముక విరిగినప్పుడు కట్టునట్లు బద్ద వేసి, ఆ కాలు గాని చేయి గాని కదలకుండ చేయవలెను. 108కి ఫోను చేయవలెను. త్రాడు బిగించుట, బ్లేడుతో కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయుట పూర్తిగా మానవలెను. త్రాడు బిగించుటవలన రక్తము ఆడక అవయవమే పోవచ్చును.

కరచిన పాములన్నియు విషముగలవి కావు. విషపాము కరచినను ప్రతిసారి విషము ఎక్కదు. అట్లు బ్రతికినవారిని చూచి మంత్రము ఫలించెనని జనులు నమ్ముదురు. విశ్వాసులమైన మనము మంత్రగాని స్థానములో పాస్టరును నిలిపినయెడల భేదమేమి? అర్ధరాత్రి కాటు పడినవానిని మోసికొని వచ్చి నా గుమ్మము దగ్గర ఆగవద్దు. బండి సాగిపోనిండు, నేనును ఎక్కి త్రోవలో ప్రార్థించెదను. మెలితే ద్వీపమున పౌలుకు హాని కలుగలేదు గదా అని కొందరందురు. పౌలు పామును కోరి పట్టుకొనలేదు, దేవుని శోధింపలేదు. వైద్యుడైన లూకాను ఆయన ప్రియునిగా ఎంచెను.

కాటుకన్న కాపుదల మేలు. కట్టెలు, పిడకలు ఇంటి గోడకు దూరముగా పెట్టవలెను. గింజలు చిందనీయకూడదు, గింజలున్నచోటికి ఎలుకలు, ఎలుకలున్నచోటికి పాములు వచ్చును. చీకటిలో టార్చిలైటు లేక బయటికి పోకూడదు. మంచము లేనివారైనను దోమతెర కట్టుకొని, దాని అంచులు పరుపు క్రిందికి దోపుకొనవలెను. ఆ తెర మలేరియానుండియు, కట్లపామునుండియు కాపాడును.

దేవుడు మీ గృహములను దీవించి కాపాడును గాక. ఆమెన్.