పందెపు కారులో చమురు వేడి

(సంఘ యువజన సమావేశమున కార్యవర్గ సభ్యులగు ఒక చమురు వర్తకులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మాతృభాషా బోధన గురించియో, విద్యార్థి వేతనముల గురించియో మాటలాడుట మనకు ఆచారము. మేము పందెపు కారు ఇంజనులోని చమురు గురించి మాటలాడబోవుచున్నామని విని కొందరు పెద్దలు నవ్విరి. కోయంబత్తూరు తెలుగువారికి యంత్రముతోడి చుట్టరికము నేటిది కాదు. జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచి, పళని ఊళ్ల నడుమ తామే బస్సు నడుపుచు రవాణా వ్యాపారము ప్రారంభించిరి. లక్ష్మీ మిల్లుల కుటుంబమువారగు కరివర్ధన్‌గారు మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అను పందెపు కార్లను నిర్మించి, సామాన్యులకు సైతము ఆ క్రీడను అందించిరి. 1995లో వారు విమాన ప్రమాదమున మరణించిరి. చెట్టిపాళయమునందలి పందెపు బాట నేడు వారి పేరనే వెలసియున్నది. 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడ ఈ ఊరివాడే. కావున మన పిల్లలు సెలవుదినములలో పాత కార్లను విప్పి, బిగించి ఆ బాటకు తీసికొనిపోవుటలో వింత లేదు. వారు ఇంజనులను కాల్చుకొనుటయే మాకు బాధ.

అందులో మా తప్పు కూడ కలదు. అది చెప్పుటకే ఇచ్చట నిలిచినాము.

మన సంఘమువారి అబ్బాయి ఒకడు పదమూడు వందల సీసీల పాత కారు కొని, లోపలి సీట్లు తీసివేసి, పందెమునకు సిద్ధము చేసెను. చమురును చల్లబరచు కూలరు ఒకటి పాత సామానుల అంగడిలో కొని ముందు బంపరు వెనుక కట్టెను. చెట్టిపాళయములో పన్నెండవ చుట్టున, మలుపు మలుపునకు చమురు ఒత్తిడి ముల్లు క్రిందికి జారజొచ్చెను. ఆతడు మా దుకాణమునకు వచ్చి సలహా అడిగెను. "చిక్కని చమురు పోయుము, సరిపోవును" అని 20డబ్ల్యు-50 డబ్బా ఒకటి ఇచ్చి పంపితిమి. మరుసటి ఆదివారము ముల్లు బాగుగనే నిలిచినదట. ఆపై ఆదివారము బేరింగులు అరిగి ఇంజను పట్టివేసినది.

"మామా, నీళ్ల వేడి ముల్లు మధ్యలోనే ఉన్నది గదా, ఇంజను ఎట్లు పోయినది?" అని ఆతడు అడిగినప్పుడు మాకు సమాధానము తోచలేదు. పిదప తెలిసికొన్నది ఇది.

నీరు సిలిండరుల చుట్టును, పైతలలోను తిరుగును. చమురు అంతకంటె వేడియగు చోట్లకు, అనగా పిస్టను అడుగునకును, క్రాంకు బేరింగులలోనికిని పోవును. ఊరిలో రెండు మూడు వేల చుట్ల వేగమున ఇంజను తిరుగునప్పుడు నీరు, చమురు రెండును ఇంచుమించు ఒకే వేడిలో ఉండును. బాటపై ఆరు వేల చుట్లతో పావుగంట నడిపిన యెడల నీరు 95 డిగ్రీలలో నిలిచియుండగనే చమురు 140కి ఎక్కవచ్చును. నీటి మీటరు అబద్ధము చెప్పదు. చమురు సంగతి దానికి తెలియదు, అంతే. చమురు 100 డిగ్రీల వద్ద ఉన్నప్పటి చిక్కదనము 130కి చేరునప్పటికి సుమారు సగమునకు దిగును. బేరింగులో లోహమునకును లోహమునకును నడుమ నిలుచునది వెంట్రుక కంటె ఎన్నో రెట్లు పలుచనైన పొర. అది తెగినచో ఇంజను లేదు.

మరి చిక్కని చమురు పోసినప్పుడు ముల్లు ఎట్లు నిలిచినది? చిక్కనిది గనుక ఒత్తిడి చూపినది. వేడి మాత్రము తగ్గలేదు. చిక్కని చమురు తనలోతాను రాచికొని మరికొంత వేడిని పుట్టించును కూడ. జ్వరపడినవాని ముఖమునకు పొడి రాసి కళగా ఉన్నాడనుట వంటి వైద్యము మేము చేసితిమి. వర్తకునికి డబ్బా అమ్ముట సులభము. ఉష్ణమాపకము బిగించుకొమ్మని చెప్పిన యెడల ఆ పూట బేరము చిన్నది.

రెండవ తప్పు ఇంకను పెద్దది. ఆ అబ్బాయి తల్లి తన గాజులు తాకట్టుపెట్టి రెండవ ఇంజనునకు డబ్బు ఇచ్చెను. పాత కూలరునే మరల బిగింపవచ్చునా అని ఆతడు అడుగగా, కిరోసినుతో కడిగిన చాలునంటిమి. చాలదు. బేరింగు అరిగినప్పటి లోహపు పొడి కూలరులోని సన్నని దారులలో చిక్కుకొనును. ఎన్ని మారులు కడిగినను కొంత మిగులును. చమురు వేడెక్కి వేగముగ పారినప్పుడు ఊడివచ్చును. రెండవ ఇంజను మొదటి దినముననే పోయినది. దాని వెలలో సగము మా ఖాతాలో వ్రాసికొంటిమి. ఆ తల్లి ముఖము చూచుటకు మాత్రము చాల దినములు వెనుదీసితిమి.

యువజనులారా, కూలరు కొనుటకు ముందు మీటరు కొనుడు. కొలిచెడి తావు సంపులో గాని, కూలరునకు పోవు దారిలో గాని ఉండవలెను; కూలరు దాటిన తరువాత కొలిచినచో చల్లబడిన చమురునే చూచి మురియుదురు. 100 నుండి 120 వరకు మంచిది. 130 దాటిన యెడల వేగము తగ్గింపుడు. 140 చూచినచో లోపలికి వచ్చివేయుడు. పందెము మరల ఉండును.

మీటరు చూపినపిదప కూలరు అవసరమని తేలినచో, దానిని పెట్టుటలోనే పనియంతయు కలదు. బంపరు వెనుక కట్టినంతమాత్రమున గాలి దానిలోనికి పోదు, ప్రక్కలకు జారిపోవును. ముందువైపు నుండి రేకుతో దారి కట్టి, అంచులు మూసి, వెనుక గాలి బయటికి పోవుటకు ద్వారము ఉంచవలెను. ద్వారము మరచిన యెడల లోపలి గాలి నిలిచిపోయి ముందరి దారి వ్యర్థమగును. దారి నోరు కూలరు ముఖములో మూడవ వంతున్నను చాలును. నీటి రేడియేటరునకు సరిగా ఎదుట పెట్టినచో చమురు చల్లబడి నీరు ఉడుకును. చోటుండిన ప్రక్కన పెట్టుడు. గొట్టములు తగులు మూతులు క్రిందివైపునకు ఉండరాదు. ఉన్నచో లోపల గాలి చిక్కును. చమురు 80 డిగ్రీలు దాటినపిదపనే కూలరునకు దారి తెరచు థర్మోస్టాటు ఉండుట మేలు, ఏలయన చల్లని చమురును పనికెత్తుట కూడ బేరింగునకు హానియే.

శీతదేశపు పట్టికలను చూచి కూలరు కొలత ఎన్నుకొనువారు ఈ లెక్క చూడుడు. చమురు 120, అచ్చటి గాలి 15 అయినచో తేడా 105. మన వేసవి గాలి 35 అయినచో తేడా 85. అదే కూలరు ఇచ్చట అయిదింట నాలుగు పాళ్ల పనియే చేయును. పైగా చెట్టిపాళయపు బాట రెండు కిలోమీటర్లకు కొంచెము మించినది. అందులో మలుపులు హెచ్చు. ఇంజను రొద చేయుచుండును గాని కారు గాలిని చీల్చుకొనిపోవు చోటు తక్కువ.

కూలరు, గొట్టములు కలిసి అర లీటరు నుండి లీటరు చమురు త్రాగును. మొదటిసారి ఇంజను నడిపి ఆపి, కొలత కడ్డీ చూచి మరల పోయుడు. పై గీత మాత్రము దాటనీయకుడు. క్రాంకు చిలికి నురుగు చేసినచో నురుగు వేడిని మోయజాలదు. గొట్టములు చమురునకై చేసినవి, బిగువుగ నొక్కినవి కావలెను. ఊడిన గొట్టము నుండి చమురు పొగగొట్టముపై పడిన నిప్పు. బాటపై పడిన వెనుకవచ్చువాని ప్రాణము. ఈ ఒక్క వస్తువున బేరమాడకుడు, మాతోనైనను.

ఇంకొక మాట. ఒక కుఱ్ఱవాడు మమ్ము, "ఆయిలును తెలుగులో నూనె అనవలెనా, చమురు అనవలెనా?" అని అడిగెను. మా నాయనమ్మ పోపులో వేయుదానిని నూనె అనియు, దీపములో పోయుదానిని చమురు అనియు పిలిచెడిది. ఇంజనులోనిది కాలుటకే గనుక చమురనుచున్నామని హాస్యమునకు చెప్పితిమి. హాస్యము వాడు నవ్వలేదు. వానిది కూడ కాలియున్నది.

మా దుకాణమునందలి పాత కూలరులన్నియు క్రిందటి నెలలో తూకమునకు అమ్మివేసితిమి. చమురు ఉష్ణమాపకములు రెండు తెప్పించి ఉంచినాము. సంఘ సభ్యుల పిల్లలు శనివారము సాయంకాలము వచ్చి అద్దె లేక తీసికొనిపోవచ్చును. మంగళవారమునకు తిరిగి ఈయవలెను. తెచ్చునప్పుడు ప్రతి అయిదు చుట్లకు చమురెంత, నీరెంత చూపినదో కాగితముపై వ్రాసి తెండు. ఆ కాగితము చూచినపిదపనే ఏ డబ్బా కావలెనో మాటలాడుదము.