చాకిరీ, సేవ



మొన్న మా పక్కింటి వదినగారు ఒక మాటన్నారు. "సేవలో ఆనందం ఉందని ప్రతి ఆదివారం గుళ్లో వింటూనే ఉన్నాం. పొద్దున పాలు కాచింది మొదలు రాత్రి గిన్నెలు బోర్లించేదాకా మనం చేసేది సేవ కాక మరేమిటి? ఆ ఆనందం ఏదీ?" నవ్వేశాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది.

లూకా సువార్తలోని మార్త కథ మీలో చాలామందికి తెలుసు. యేసుప్రభువు ఇంటికొస్తే ఆమె పనులతో సతమతమవుతోంది. మరియ మాత్రం ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వింటోంది. మార్తకు ఉక్రోషం వచ్చి, చెల్లెలి సంగతి ప్రభువుకే ఫిర్యాదు చేసింది. అతిథికి వండిపెట్టడం తప్పా? కానే కాదు. కాని ఆమె చేతులు పనిమీద, కళ్లు చెల్లెలి మీద! నేనింత చేశాను, వాళ్లెంత చేశారు అనే ఆ లెక్క మనకూ కంఠతా వచ్చు. నాకైతే మరీను.

లెక్కలే వేసుకోదలిస్తే డాక్టర్ అన్నా కుగ్లర్ గారికి బోలెడంత కారణం ఉండేది. ఆవిడ అమెరికాలో వైద్యం చదివి 1883లో గుంటూరు వచ్చారు. పంపిన లూథరన్ మహిళా సంఘం వారు డాక్టరును నియమించడానికి అప్పటికి సిద్ధంగా లేరు. ఘోషా స్త్రీల మధ్య పనిచేయమన్నారు, చదువు చెప్పమన్నారు. డాక్టరమ్మకు పలకా బలపం! మగ వైద్యుడి ఎదుటికి రాలేక ఇళ్లలోనే బాధపడే స్త్రీలెందరో ఆవిడ కంటబడ్డారు. అప్పగించిన పని మానలేదు, రోగం అంటూ వచ్చినవారిని కాదనలేదు. ఆవిడ తాకితే మైల అనుకున్న ఇళ్లకూ వెళ్లారు. రెండేళ్లకు గాని మిషన్ ఆవిడను వైద్యురాలిగా నియమించలేదు. ఆసుపత్రి తెరిచింది 1898లో, అంటే వచ్చిన పదిహేనో ఏట! 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆ ఆసుపత్రికి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ మనసులోకి మనం తొంగిచూడలేదు గాని, ఆనందం లేని పనిని పట్టుకుని నలభై ఏళ్లకు పైగా ఎవరుంటారు చెప్పండి?

నా సంగతీ చెబుతాను. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్న పదిరోజులూ క్యారేజీ నేనే మోసుకెళ్లేదాన్ని, దారిపొడుగునా తోడికోడలి మీద సణుక్కుంటూ. పక్క మంచం మీద పల్లెటూరి ముసలమ్మ ఒకావిడ ఉండేది. కొడుకు కూలికి పోయి పొద్దుగూకితే గాని వచ్చేవాడు కాదు. నాలుగో రోజున చారన్నం కాస్త ఎక్కువ తీసుకెళ్లాను. ఆవిడ చేతులు వణుకుతుంటే నేనే కలిపి తినిపించాను. ఎవరూ చేయమనలేదు, ఇందులో ఎవరి వంతూ లేదు. మర్నాడు బస్సులో, ఆవిడకు పులుపు పడుతుందో లేదో అడగలేదే అన్న ఆలోచనే. తోడికోడలు గుర్తుకే రాలేదు! చిత్రమేమిటంటే, ఆనాటినుంచి అత్తగారికి పెట్టే ముద్దా బరువనిపించలేదు.

అలాగని తిన్న కంచం తీయని మగవాళ్లకు కూడా నవ్వుతూ చాకిరీ చేయమని నేననను. శిష్యుల కాళ్లు ప్రభువే కడిగాడు. ఆ రోజుల్లో అది పనివాళ్లు చేసే పని.

ఈ మాటే వదినగారితో అంటే, "అయితే ముందు ఆ కథ మా ఆయనకు చెప్పండి. ఆ ముసలమ్మకు తగ్గిందా?" అని అడిగారు.

తగ్గింది. వెళ్లేనాడు తన ఊరి పేరు నాచేత రెండుసార్లు పలికించి మరీ వెళ్లింది.