నియామకపత్రము అందిన పిదప

కొలువు కుదిరినదన్న వార్త వచ్చిన నాడు ఇంటిల్లిపాదికిని పండుగయే. మా మేనల్లునికి హైదరాబాదులోని ఒక సాఫ్టువేరు సంస్థలో కొలువు కుదిరినప్పుడును అట్లే జరిగినది. వారము తిరుగక మునుపే రెండవ జాబు వచ్చినది. అసలు ధ్రువపత్రములను కార్యాలయమున ఉంచవలెనట. సంతకము చేసిన ఖాళీ చెక్కు ఒకటి ఈయవలెనట. రెండేండ్లకు బాండు వ్రాయవలెనట. చేరుటకు ముందు పదిదినములు వచ్చి జీతము లేకయే పని చేయవలెనట.

"పోనీ, ఇచ్చివేయరా, చేతికందిన కొలువు పోగొట్టుకొందువా?" అన్నది మా అక్కయ్య. ఆమె భయము నిరాధారమని నేననను. అయితే మావాడు పాత కొలువునకు ఇంకను రాజీనామా ఈయలేదు.

క్రొత్త యజమాని అడుగు ప్రతిదియు అన్యాయము కాదు. వైద్యపరీక్ష, పాత సంస్థ ఇచ్చు విడుదలపత్రము అడుగదగినవే. ధ్రువపత్రములను చూపుమనుటయు న్యాయమే. తీసికొని బీరువాలో పెట్టి తాళము వేయుట మాత్రము కాదు.

అన్నింటిలోను ప్రమాదకరమైనది ఖాళీ చెక్కు. దానిపై అంకె మఱియొకరు వేసినను, సంతకము మీదియే యైనచో, అది బాకీ నిమిత్తము ఇచ్చినదనియే న్యాయస్థానము మొదట భావించునని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పినది. కాదని నిరూపించు భారము మీదే. చెక్కు చెల్లనిచో 1881 నాటి చట్టము క్రింద రెండేండ్ల వరకు కారాగారశిక్ష పడవచ్చును.

బాండు సంగతి చిక్కైనది. "అవి చెల్లవు, సంతకము చేసివేయుము" అను మిత్రులు ఎందఱో కలరు. వారి మాట నమ్మరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము, వ్రాసిన మొత్తమునకు మించకుండ తగిన పరిహారము మాత్రమే రాబట్టవచ్చుననుట నిజమే. కాని, మూడేండ్లు పనిచేయనిచో రెండు లక్షల రూపాయలు చెల్లింపవలెనని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు పెట్టిన నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించినది.

మావాడు ఫోనులో వాదింపక జాబు వ్రాసినాడు: "ధ్రువపత్రములు తెచ్చి చూపెదను, సరిచూచుకొని నకళ్లు ఉంచుకొనుడు. చెక్కు ఈయజాలను. బాండు ప్రతిని ముందుగా పంపుడు, చదివి చెప్పెదను. పని పదిదినములు ముందుగా మొదలిడవలెనన్నచో ఆ దినము నుండియే జీతము లెక్కకట్టుడు."

నాలుగు దినములు బదులు లేదు. మా అక్కయ్య నాతో మాటలాడుట మానినది. ఐదవనాడు ప్రత్యుత్తరము వచ్చినది. చెక్కు, పత్రములు అక్కరలేదట; జీతములేని పదిదినములు మాత్రము తప్పవట. మావాడు పాత కొలువులోనే ఉండిపోయినాడు. అక్కయ్య నాతో మాట కలుపుటకు మఱి రెండు నెలలు పట్టినది.