మన ఊరి పేరు పూర్తిగా రాద్దాం
(ప్రసంగ పాఠం)

 

మేము టీచర్ ట్రైనింగ్ చేసి, గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్లుగా పనిచేస్తున్నవాళ్లం. పెద్ద ఉపన్యాసాలు ఇవ్వడం మాకు చేతకాదు. మేము చేసిన ఒక తప్పు చెప్పి, దాని వెనకున్న చరిత్ర చెబుతాం.

కొన్నేళ్ల కిందట మా హాస్టల్ అమ్మాయి ఒకతె కాలేజీ దరఖాస్తు నింపుతోంది. స్వగ్రామం అన్నచోట పెన్ను ఆగిపోయింది. "బాపట్ల అని రాసెయ్ అమ్మా, ఏ గొడవా ఉండదు" అన్నాం. ఆ పిల్ల తలెత్తి, "మా ఊరి పేరు రాస్తే తప్పా మేడం?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ ఊరు స్టూవర్టుపురం.

బాపట్ల నుంచి చీరాలకు ప్యాసింజర్‌లో వెళ్తుంటే మధ్యలో స్టేషన్ బోర్డు మీద ఆ పేరు కనబడుతుంది. చుట్టుపక్కల అన్నీ ఈపూరుపాలెం, వేటపాలెం లాంటి పేర్లే. వాటి మధ్య ఈ తెల్లదొర పేరు ఎలా వచ్చింది?

మన తాతముత్తాతలు ఉప్పు ఎరుకలవాళ్లు. కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు చేర్చి, ధాన్యం తెచ్చుకునేవారు. దబ్బ ఎరుకలవాళ్లు వెదురు చీల్చి బుట్టలు, చేటలు అల్లేవారు. మన అవ్వలు ఎరుక చెప్పేవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు పెరిగింది, మన ఎద్దుల బిడారుకు పని పోయింది. అడవి చట్టాలు వచ్చాక వెదురు కూడా సులువుగా దొరకలేదు. బతుకుతెరువు పోయినవాళ్లు ఊరూరా తిరుగుతుంటే, తిరిగేవాళ్లంతా దొంగలేనని దొరలు తీర్మానించారు.

1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఏ జాతినైనా నేరస్థ జాతి అని సర్కారు ప్రకటిస్తే, ఆ మాట తప్పని కోర్టులో అడగడానికి వీల్లేదు. మనవాళ్ల వేలిముద్రలు తీసుకున్నారు. వేళకు హాజరు వేయించుకోవాలి. పక్క ఊరికి వెళ్లాలన్నా అనుమతి కావాలి. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని వేరు చేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

ఆ చట్టం కిందే 1913–14లో బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంట్ పెట్టి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు గవర్నర్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. మనవాళ్ల చేత వ్యవసాయం చేయించారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగానూ పంపారు. ఊరికి దొర పేరు, ఊళ్లోవాళ్లకు దొంగల పేరు మిగిలాయి.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు గానీ ఆ ముద్ర చట్టంలోంచి పూర్తిగా పోలేదు. మనుషుల మనసుల్లోంచి ఇంకా పోలేదు. సినిమాలవాళ్లు కూడా ఆ పేరునే అమ్ముకున్నారు.

దొంగతనాలు జరగలేదా అని మీరు అడగవచ్చు. జరిగాయి. దాచాల్సిన పని లేదు. కానీ శిక్ష తప్పు చేసినవాడికి పడాలి, ఫలానా ఊళ్లో పుట్టినవాడికి కాదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా, జైళ్ల మాన్యువళ్లలో మన జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే రాతలు రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. విముక్త జాతులవారిని ఇష్టం వచ్చినట్లు అరెస్టు చేయకూడదని పోలీసులకు గుర్తుచేసింది. చదువుకున్న పిల్లలు ఆ తీర్పు తెలుసుకోవాలి.

మన పక్షాన నిలబడినవాళ్లూ ఉన్నారు. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో ఈ ఊరి కుటుంబాల మధ్య పనిచేశారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినందుకే ఆయనకు లవణం అని పేరు పెట్టారు. ఉప్పు మోసిన జాతి గడప తొక్కింది ఉప్పు పేరున్న మనిషే.

ఈ ఊరి బిడ్డ రాగాల వెంకట్ రాహుల్ 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం తెచ్చాడు. ఆ రోజు ఊరి పేరు చెప్పుకోవడానికి ఎవరూ వెనకాడలేదు. పతకం వచ్చిన రోజున మన ఊరు అయితే, దరఖాస్తు రాసే రోజున ఎందుకు కాకూడదు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు మూడు పనులు చేయండి. ఇంటికెళ్లి అవ్వతాతల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్ల నోట్లో మిగిలిన కుర్రు భాష మాటలు నోటుబుక్కులో రాసుకోండి. ఎవరైనా మీ ఊరి పేరు విని నవ్వితే, తగవు పెట్టుకోకుండా ఈ చరిత్ర ఐదు నిమిషాలు చెప్పండి.

ఆ రోజు మా అమ్మాయి బాపట్ల అనే రాసింది. అలా రాయించింది మేమే. ఇప్పుడు మా హాస్టల్లో ఏ పిల్ల దరఖాస్తు నింపినా పక్కన కూర్చుని, స్వగ్రామం గడిలో ఊరి పేరు పూర్తిగా, చక్కటి అక్షరాలతో రాయిస్తున్నాం. మీరూ అలాగే రాయండి.

సెలవు.